గడగడా చదువుతాడు, కానీ చదవడం రాదు: మూడో తరగతి బాబు కేస్ స్టడీ

ఎనిమిదేళ్ల బాబు, మూడో తరగతి. క్లాస్ టీచర్ పంపిన నోట్‌లో ఇలా ఉంది: "నోటితో అడిగితే అన్నీ చెప్తాడు. పాఠం చదవమంటే గడగడా చదువుతాడు. పరీక్షలో మాత్రం సగం పేపర్ ఖాళీగా ఇస్తాడు. శ్రద్ధ లేదనిపిస్తోంది." ఇంట్లోనూ ఇదే అయోమయం. సాయంత్రం తల్లి దగ్గర కూర్చుని పాఠం మొత్తం అప్పజెప్తాడు. మర్నాడు అదే పాఠంలోంచి ప్రశ్న ఇస్తే రాయడు. తండ్రి దీన్ని బద్ధకం కిందే లెక్కేశారు. రోజూ బడికి బయల్దేరే వేళకి కడుపునొప్పి అంటాడని, సెలవు రోజుల్లో ఆ నొప్పి ఉండదని తల్లి చెప్పారు.

చదవడం కష్టమయ్యే పిల్లలతో పనిచేయడం నా వృత్తి. అసలు అక్షరాలే రాని పిల్లాడిని ఎవరో ఒకరు గమనిస్తారు. జ్ఞాపకశక్తి బాగా ఉండి, చదవలేకపోవడాన్ని దాంతో కప్పిపుచ్చుకునే పిల్లలే రెండు మూడేళ్లపాటు ఎవరి కంటా పడకుండా పోతారు. ఈ బాబు అలాంటివాడు. అందుకే వివరంగా రాస్తున్నాను. తల్లిదండ్రుల అనుమతి ఉంది, బాబు ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

మొదట కళ్లు, చెవులు చూపించుకుని రమ్మన్నాను. దూరంగా ఉన్న చార్ట్ చదివించినంత మాత్రాన చాలదు, పుస్తకం పట్టుకునేంత దగ్గరి చూపు కూడా పరీక్షించమని కంటి డాక్టర్ని ప్రత్యేకంగా అడగాలి. చెవుల విషయంలో కూడా అంతే. తరచూ జలుబు చేసే పిల్లల్లో చెవి లోపల నీరు చేరి కొన్నాళ్లు వినికిడి తగ్గి, మళ్లీ మామూలు అవుతుంది. ఒకటో తరగతిలో ధ్వనులు నేర్చుకునే రోజుల్లోనే ఇలా జరిగితే కొన్ని శబ్దాల మధ్య తేడా సరిగ్గా పట్టుబడకుండానే పై తరగతికి వెళ్లిపోతారు. ఈ బాబుకి రెండూ మామూలుగానే ఉన్నాయని రిపోర్టులు వచ్చాయి.

ఎక్కడ తెగిపోతోంది

మొదటి రోజు అతని చేతికి పుస్తకం ఇవ్వలేదు. నాలుగో తరగతి స్థాయి కథ ఒకటి నేనే చదివి వినిపించాను. తర్వాత ప్రశ్నలు అడిగితే ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నవే కాదు, కథలో ముసలాయన అబద్ధం ఎందుకు చెప్పి ఉంటాడన్నదానికి కూడా కారణం చెప్పాడు. కథలో లేని మాట అది, తను ఆలోచించి చెప్పింది. అంటే భాష అర్థం కావడంలో లోటు లేదు.

ఈ పని మొదటే చేయడానికి కారణం ఉంది. చదివి అర్థం చేసుకోవడమంటే రెండు సామర్థ్యాల లబ్ధం అని 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. ఒకటి అక్షరాలను మాటగా మార్చుకోగలగడం, రెండోది విన్న భాష అర్థం కావడం. వాళ్లు కూడికను కాకుండా గుణకారాన్ని ఎంచుకున్నారు. ఒకటి సున్నా అయితే రెండోది ఎంత ఉన్నా ఫలితం సున్నాయే. బాబుకి రెండోది నిండుగా ఉంది. మరి మొదటిది?

తన పాఠ్యపుస్తకం తెరిచి చదవమన్నాను. గడగడా మొదలుపెట్టాడు. నేను చూసింది అతని కళ్లని. పేజీ మీద అక్కడక్కడా ఆగుతున్నాయి, ఎక్కువగా బొమ్మ మీదే ఉంటున్నాయి. "పిల్లి గోడ దూకింది" అని అచ్చులో ఉంటే "పిల్లి గోడ ఎక్కింది" అని చదివి, ఏ అనుమానమూ లేకుండా ముందుకి వెళ్లిపోయాడు. అదే పేజీని కింది వాక్యం నుంచి పైకి చదవమన్నాను. గొంతు తగ్గిపోయింది. నీళ్లు తాగి వస్తానన్నాడు.

టీచర్లు ఈ చిన్న పరీక్ష తప్పకుండా చేసి చూడాలని నా కోరిక. ఐదు నిమిషాల పని. పాఠంలోని మాటల్ని వరస మార్చి చీటీల మీద రాసి చదివించండి. అలాగే అర్థం లేని మాటలు కొన్ని పెట్టండి: లుకిమ, తొపేరు, గీసొడ. వీటిని ఎవరూ బట్టీ పట్టలేరు, బొమ్మ చూసి ఊహించలేరు. చదవడం వచ్చిన పిల్లలు నవ్వుతూ చదివేస్తారు. ఈ బాబు 'లుకిమ'ని 'లుకలుక' అన్నాడు. తెలిసిన మాట ఏదో ఒకటి వెతుక్కుని దగ్గరగా ఉన్నది చెప్పేశాడన్నమాట.

తర్వాత అక్షరాల దగ్గరికి వచ్చాం. విడి అక్షరాలు దాదాపు అన్నీ వచ్చు. గుణింతం పాడమంటే క కా కి కీ అని ఎక్కడా ఆగకుండా పాడతాడు. 'పో' ఒక్కటే రాసి చూపించాను. పెదవులు కదిలించుకుంటూ ప, పా, పి, పీ, పు, పూ... అని లోపల మొదటి నుంచీ పాడుకుంటూ, వేళ్లు మడుచుకుంటూ వచ్చాడు. 'పొ' దగ్గర ఒకసారి ఆగి, నా మొహం చూసి, 'పో' అన్నాడు. ఒక్క అక్షరానికి అంతసేపు పడితే వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండదు. అందుకే ఊహించడం మొదలుపెట్టాడు. అతని వైపు నుంచి చూస్తే అది తెలివైన పనే. ఏ గుర్తుకి ఏ ధ్వనో అతనికి తెలియదు, గుణింతం వరస మాత్రమే తెలుసు.

రెండో ముడి ఒత్తుల దగ్గర ఉంది. ద, ప, డ, గ లాంటివాటికి ఒత్తు అసలు అక్షరంలాగే ఉంటుంది, తలకట్టు తీసేసినట్టు. అవి గుర్తుపట్టాడు. త, న, మ, య, ర, ల ఒత్తులకి అసలు అక్షరంతో పోలిక తక్కువ. అక్కడ తడబడ్డాడు. 'కుర్చీ' అన్న మాటని 'కురీచ' అని చదివాడు. ఈ తప్పు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. బాబు చూసింది చూసినట్టే చదివాడు! గుడిదీర్ఘం 'ర' మీద కనిపిస్తోంది, 'చ' కింద ఉంది. కానీ మనం పలికేటప్పుడు ఆ 'ఈ' ధ్వని కిందున్న ఒత్తుకి వెళ్లాలి. ఈ నియమం అతనికి ఎవరూ విడమర్చి చెప్పలేదు. చాలామంది పిల్లలు చెప్పకుండానే పట్టేసుకుంటారు కాబట్టి మనకి చెప్పాలని తోచదు. 'మొదలు'ని 'మెదలు' అన్నది కూడా ఇలాంటిదే. 'కొ', 'తొ'లలో కనిపించే ఒత్వం 'మొ'లో కనిపించదు, ఎత్వం పెట్టి కొమ్ము చేరుస్తాం.

మన లిపి పిల్లలకి ఎంత పనిపెడుతుందో పెద్దలకి గుర్తుండదు. తెలుగుకి తోబుట్టువు లాంటి కన్నడ లిపి మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన, అక్షరాల మీద పట్టు పూర్తిగా రావడానికి నాలుగో తరగతి దాకా, కొందరికి ఆ తర్వాత కూడా సమయం పడుతుందని చూపించింది. రెండో తరగతిలో గుణింతాలు, ఒత్తులు అయిపోయాయని అనుకుని మూడో తరగతిలో పెద్ద పేరాలు ఇచ్చేస్తే, ఇంకా సగం దారిలో ఉన్న పిల్లలు అక్కడే మిగిలిపోతారు. తల్లిని అడిగితే, సరిగ్గా రెండో తరగతి మధ్యలో అనారోగ్యం వల్ల చాలా రోజులు బడి మానేశాడని తెలిసింది.

డిస్లెక్సియానా?

తండ్రి అడిగిన మొదటి ప్రశ్న ఇదే. డిస్లెక్సియా అంటే, ఎంత నేర్పినా మాటల్ని చదవడం, రాయడం తేలిగ్గా పట్టుబడని ఇబ్బంది. అప్పటికి చెప్పలేమన్నాను. బడి పోగొట్టుకున్న పిల్లాడికి సరైన బోధన అందించి చూడకుండా ఆ పేరు పెట్టకూడదు. అలాగని ఆ పేరుకి భయపడి వాయిదా వేయడమూ మంచిది కాదు. ఒక టర్మ్ పాటు పద్ధతిగా నేర్పించాక కూడా కదలిక చాలా తక్కువగా ఉంటే సైకాలజిస్టు దగ్గర పూర్తి అసెస్‌మెంట్ చేయిద్దామని ముందే మాట్లాడుకున్నాం.

ఆయన మనసులో ఉన్న అసలు భయం, కొడుక్కి తెలివి తక్కువేమోనని. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లిష్ డాక్టరు పద్నాలుగేళ్ల కుర్రాడి కేసు ప్రచురించారు. చదవడం ఎంత ప్రయత్నించినా రాని ఆ అబ్బాయి గురించి, చదువంతా నోటితోనే చెప్తే బడిలో ఇతనే అందరికన్నా చురుకైనవాడు అవుతాడని టీచర్ అన్నట్టు అందులో ఉంది. అప్పటినుంచీ తెలిసిన సంగతే ఇది: చదవడంలో ఇబ్బందికీ తెలివితేటలకీ ముడి లేదు. ఈ మాట చెప్పాక ఆయన చాలాసేపు ఏమీ అడగలేదు. తర్వాతి వారం నుంచి బాబుని తీసుకురావడానికి ఆయనే వచ్చారు.

ఏం చేశాం

రోజుకి ఇరవై నిమిషాలకి మించకుండా పెట్టుకున్నాం. వారంలో కొన్ని రోజులు నా దగ్గర, మిగతా రోజులు ఇంట్లో.

గుణింతం వరసగా పాడడం పూర్తిగా ఆపించాను. తల్లికి ఇది మింగుడు పడలేదు, రోజూ పాడితేనే కదండీ వస్తుంది అన్నారు. బాబుకి పాట వచ్చు, పాట నుంచి విడివడడమే రావాలి. అందుకని ముందు చెవితో పని మొదలుపెట్టాం. మెడ, మేడ. పడు, పాడు. నడి, నాడి. నేను చెప్తాను, పొట్టి శబ్దమైతే చెయ్యి దగ్గరగా, పొడుగుదైతే చేతులు చాపాలి. అది పట్టుబడ్డాక గుర్తుల్ని జంటలుగా తెచ్చాం. గుడి, గుడిదీర్ఘం రెండే. వాటినే పది అక్షరాల మీద అటూ ఇటూ మార్చి చూపిస్తూ, వరస లేకుండా. ఆ రెండూ తడుముకోకుండా చెప్పగలిగాకే తర్వాతి జంట. ఎత్వం, ఏత్వం అన్నిటికన్నా మొండివి. వాటికి అద్దం వాడాం, నోరు ఎంతసేపు ఆ ఆకారంలో ఉంటోందో చూసుకోవడానికి.

ఒత్తులకి ముందు కూడా చెవే. డిక్టేషన్‌లో 'వచ్చాడు'ని 'వచాడు' అనీ, 'గడ్డి'ని 'గడి' అనీ రాసే పిల్లాడు ఒత్తు మర్చిపోతున్నాడని మనం అనుకుంటాం. చాలాసార్లు ఆ నొక్కు అతని చెవికి విడిగా తెలియదు. గుడి, గుడ్డి అని పక్కపక్కన పలికిస్తూ, నొక్కు ఉన్నచోట బల్ల మీద చెయ్యి ఆనించి ఒక్క క్షణం ఆపమన్నాను. గుడ్... డి. ఆ ఆగడం తెలిశాక ఒత్తు ఎందుకు రాస్తామో అతనికే అర్థమైంది. 'కుర్చీ' లాంటి మాటలకి రంగు పెన్సిళ్లు తీశాం. కింది ఒత్తుకీ పైనున్న గుడికీ ఒకటే రంగు. "ఈ రెండూ జట్టు" అని పేరు పెట్టింది అతనే. 'చక్రం'లో రవత్తు అక్షరానికి ఎడమ పక్క మొదలైనా తర్వాతే పలకాలన్న సంగతి కూడా ఇదే రంగులతో తేలిపోయింది.

చదవడానికి ఇచ్చిన పేరాలు చిన్నవి, అతనికి కొత్తవి, బొమ్మల్లేనివి. ఎంత కష్టమైనది ఇవ్వాలన్నదానికి అమెరికాలో ఎమ్మెట్ బెట్స్ 1946లో ఇచ్చిన కొలత ఇప్పటికీ పనికొస్తుంది. వంద మాటల్లో దాదాపు 95 సరిగ్గా చదవగలిగితే పెద్దల సాయంతో నేర్చుకోవడానికి తగిన పేరా. 90 కన్నా తక్కువైతే పిల్లలు విసుగెత్తి వదిలేస్తారు. మూడో తరగతి పుస్తకం ఈ బాబుకి 90కి చాలా కింద ఉంది. ఒకటో తరగతి స్థాయి పేరాలతో మొదలుపెట్టాం. చిన్నపిల్లల పుస్తకం అని చిన్నబుచ్చుకోకుండా, అతనికి ఇష్టమైన పాములు, రాకెట్ల గురించి నేనే ఆ స్థాయిలో రాసిచ్చాను.

ఇంట్లో మార్చినవి

సాయంత్రం చదువు ఆ ఇంట్లో రోజువారీ పరీక్షలా సాగేది. తల్లి పుస్తకం పట్టుకుని అడగడం, తప్పు రాగానే "చూసి చదువు నాన్నా, ఇందాకే చెప్పాను కదా" అనడం, పక్క గదిలోంచి అక్క సరైన మాట అందించడం. ముగ్గురూ ప్రేమతోనే చేస్తున్నారు. కానీ ఆ అరగంట అయ్యేసరికి బాబుకి తెలిసేది ఒక్కటే, తను మళ్లీ తప్పు చదివానని.

దాని బదులు ఇద్దరూ కలిసి చదివే పద్ధతి నేర్పాను. ఈ పద్ధతి మీద కీత్ టాపింగ్ అనే పరిశోధకుడు చేసిన కృషి ఎక్కువ. తల్లీ కొడుకూ పక్కపక్కన కూర్చుని ఒకేసారి పైకి చదువుతారు, అతని వేగానికి ఆమె సర్దుకుంటూ. తనంతట తను చదవగలననిపించినప్పుడు బాబు బల్ల మీద తడతాడు, ఆమె ఆపేస్తారు. ఎక్కడైనా ఆగిపోతే నాలుగైదు సెకన్లు ఊరుకోవాలి. అప్పటికీ రాకపోతే మాట చెప్పేయాలి, అతను ఒకసారి అనాలి, ఇద్దరూ కలిసి ముందుకి వెళ్లాలి. "ఆలోచించు", "మళ్లీ చూడు" అనకూడదు. ఆ నాలుగైదు సెకన్లు ఊరుకోవడమే అన్నిటికన్నా కష్టమైందని తల్లి చెప్పారు. అక్కకి కూడా ఒక పని ఇచ్చాం. రాత్రి పడుకునే ముందు తమ్ముడికి పెద్ద కథల పుస్తకం చదివి వినిపించడం. అతని ఆలోచన మూడో తరగతిని దాటిపోయింది. చదవడం అక్కడిదాకా వచ్చేలోపు ఆ ఆకలి తీరాలి.

వేగం తగ్గినప్పుడు

నెల దాటాక ఇంటి నుంచి కంగారుగా ఫోన్ వచ్చింది. "ముందు గడగడా చదివేవాడండీ, ఇప్పుడు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నాడు. వెనక్కి వెళ్లిపోయాడేమో." బడిలో టీచర్ కూడా ఇదే గమనించారు.

నేను ఎదురుచూస్తున్నది దీనికోసమే. కూడబలుక్కుంటున్నాడంటే ఊహించడం మానేశాడు, కళ్లు అక్షరాల మీదికి వచ్చాయి. అంతకుముందు ఉన్న వేగం జ్ఞాపకానిది. ఈ దశలో పెద్దవాళ్లు కంగారుపడి "తొందరగా చదువు" అంటే పిల్లలు మళ్లీ పాత ఊహలకే వెళ్లిపోతారు, ఎందుకంటే పొగడ్త దొరికింది అక్కడే. ఈ కొద్ది వారాలు ఓపిక పట్టలేకే చాలా ఇళ్లలో పని చెడిపోవడం చూశాను. అందుకని తండ్రిని ఒకరోజు పక్కన కూర్చోబెట్టుకుని విన్నాం. బాబు కొత్త పేరాలో 'తెల్లవారింది' అన్న మాటని 'తె... ల్... ల... తెల్ల... తెల్లవా...' అంటూ వచ్చి, చివరికి 'తెల్లవారింది!' అని తల ఎత్తాడు. ఎవరూ ముందు చదివి వినిపించని మాట అది. తండ్రికి నేను విడిగా వివరించాల్సిన పని లేకపోయింది.

వేగం కోసం ఆ తర్వాతే పనిచేశాం. సరిగ్గా చదవగలిగిన పేరానే వరసగా కొన్ని రోజులు మళ్లీ మళ్లీ చదివించడం. గడియారం అతని చేతికే ఇచ్చాను, తన నిన్నటి సమయంతోనే పోటీ.

క్లాసులో

టీచర్ పూర్తిగా సహకరించారు, నలభై మంది పిల్లల మధ్య ఆమె చేయగలిగినవే అడిగాను. అందరి ముందూ అప్పటికప్పుడు లేపి చదివించకుండా, రేపు చదవాల్సిన నాలుగు వాక్యాలు ఈ రోజే చెప్పి పంపేవారు. తప్పు రాసిన మాటని పదిసార్లు రాయించడం మానేశారు. బాబు ఆ పదిసార్లూ ఎలా రాస్తున్నాడో గమనించమని అడిగాను. మొదట పై నుంచి కిందికి అన్ని వరసల్లోనూ మొదటి అక్షరం, తర్వాత అన్నిట్లోనూ రెండో అక్షరం. మాట ఏదో చూడనే లేదు, బొమ్మలు గీసినట్టు గీశాడు. దాని బదులు రోజూ ఐదు మాటల డిక్టేషన్, ఐదింట్లోనూ ఒకే ఒత్తు. దిద్దేటప్పుడు ఆ ఒత్తు ఒక్కటే చూడడం, మిగతా తప్పుల జోలికి పోకపోవడం.

లెక్కల్లో ఒక సంగతి బయటపడింది. కూడికలు, తీసివేతలు చక్కగా చేసే బాబుకి మాటల్లో ఇచ్చిన లెక్కలకి సున్నాలు వస్తున్నాయి. ప్రశ్నని టీచర్ పైకి చదివి వినిపించిన రోజున దాదాపు అన్నీ చేశాడు. సైన్స్ పరీక్షలోనూ అంతే. చదవడాన్ని పరీక్షించని సబ్జెక్టుల్లో ప్రశ్న చదివి వినిపించడం అన్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. మిగతా పిల్లలు అడిగితే, కావాలన్న ప్రతి ఒక్కరికీ చదివి వినిపించమన్నాను.

ఇప్పుడు

విద్యాసంవత్సరం చివరికి బాబు రెండో తరగతి స్థాయి కొత్త పేరాల్ని సాయం లేకుండా, మూడో తరగతివి కొద్ది సాయంతో చదువుతున్నాడు. అర్థం లేని మాటలు ఇస్తే ఇప్పుడు తనే నవ్వుతూ చదువుతాడు. ఉదయం కడుపునొప్పి చాలావరకు పోయింది, డిక్టేషన్ ఉన్న రోజుల్లో మాత్రం అప్పుడప్పుడు వస్తోంది. రాయడం ఇంకా వెనకబడే ఉంది. 'రాష్ట్రం' లాంటి మూడు హల్లుల అక్షరాలు చదవడానికే కష్టపడుతున్నాడు. కదలిక బాగానే ఉంది కాబట్టి అసెస్‌మెంట్ ఈ ఏడాది అడగలేదు. నాలుగో తరగతి మొదటి టర్మ్‌లోనూ రాత ఇలాగే ఉంటే చేయించాలని తల్లిదండ్రులు, నేను అనుకున్నాం.

కొత్త క్లాస్ టీచర్‌కి ఒక పేజీ నోట్ తయారుచేశాం. విన్నది బాగా అర్థమవుతుంది, నోటితో అడగండి. కొత్త పాఠం చదవాల్సి ఉంటే ముందురోజు చెప్పండి. గడగడా చదివాడంటే ఒకసారి మధ్యలో ఆపి, పై వరసలో ఒక మాట మీద వేలు పెట్టి చదివించండి. రాతపరీక్షకి అదనంగా సమయం ఇవ్వండి. తల్లి ఫోన్ నంబర్ కింద ఉంది, మార్కుల కోసమే కాకుండా ఏదైనా బాగా చదివిన రోజున కూడా ఫోన్ చేయండి. చివరి వాక్యం రాయమన్నది తండ్రి.